కృతజ్ఞతాస్తుతీ, నీకు వందనాలు

కృతజ్ఞతాస్తుతీ, నీకు వందనాలు!

తడ దాటి శ్రీసిటీ దారి పట్టిన కంపెనీ బస్సులో, కిటికీ అద్దానికి తల ఆనించి కళ్లు మూసుకున్న ఆడపిల్ల పెదవుల మీద నువ్వున్నావు. ఒక చెవిలో కీర్తన పెట్టుకుని, రెండో చెవిని డ్రైవరన్న పిలుపు కోసం వదిలిపెట్టిన పిల్లాడి ఊపిరిలో నువ్వున్నావు. వరదయ్యపాళెం, నాగలాపురం, సూళ్లూరుపేట, నాయుడుపేట, శ్రీకాళహస్తి... ఇన్ని దిక్కుల నుంచి, పగలనక రాత్రనక షిఫ్టులకు వచ్చిపోయే జనంలో నిన్ను వెంట తెచ్చుకునేవాళ్లు ఎందరో! గేటు దగ్గర సంచులు వెతికేవాళ్లకు నువ్వు దొరకవు. వేలిముద్ర తీసుకునే మిషనుకు నీ హాజరు తెలియదు. అయినా లోపలికి వస్తావు. గ్లౌజులు తొడుక్కున్న చేతుల పక్కన లైను మీద నిలబడతావు.

నిన్ను పొగడాలంటే నువ్వు ఎవరి ఎదుట నిలబడ్డావో ముందు చెప్పాలి. నీ ఎదుట ఉన్నది చింత.

2008 దాకా ఇప్పటి శ్రీసిటీ అంతా సత్యవేడు, వరదయ్యపాళెం, తడ మండలాల పల్లె నేల. వానను నమ్ముకున్న చేలు, చెరువులు, మేకలు మేసే చిట్టడవి. ఇవాళ ఇక్కడ పికప్ బండ్లు తయారవుతాయి. చాక్లెట్లు, సెల్‌ఫోన్లు, ఏసీలు, మెట్రో రైలు పెట్టెలు తయారవుతాయి. ఒకప్పుడు మబ్బు వంక చూసిన కళ్లు ఇప్పుడు నోటీసు బోర్డు వంక చూస్తున్నాయి. వాన రాదేమోనన్న బెంగ పోయి, కాంట్రాక్టు పొడిగించరేమోనన్న బెంగ వచ్చింది. నేల మారింది, పని మారింది, నెల తిరిగేసరికి ఖాతాలో జీతం పడుతోంది. అది ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించింది. దాని వెంట దాని చింతలూ వచ్చాయి.

డ్వాక్రా వాయిదా. చెల్లెలి పెళ్లి. నాయన మోకాళ్లు. ఇంటికాడ చెప్పకుండా ఫోనులో తీసుకున్న యాప్ లోను. ఈ నెల ఓటీ దొరుకుతుందా, దొరికితే ఒళ్లు తట్టుకుంటుందా? ఇక్కడి ట్రిపుల్ ఐటీ హాస్టల్ గదుల్లో ఇంకో రకం చింత. మిగిలిపోయిన సబ్జెక్టు, రాని ప్లేస్‌మెంటు, "ఇంకా ఏమీ రాలేదా అబ్బోడా?" అని ప్రేమగానే అడిగి గుండెలో ముల్లు దించిపోయే బంధువులు. నైట్ షిఫ్టు దిగి వచ్చిన పిల్ల రేకుల గదిలో పట్టపగలు పడుకుంటే కళ్లు మూతపడతాయి, మనసు మూతపడదు. ఛాతీ మీద బరువు. అరచేతుల్లో చెమట. గ్యాసేమోనని సోడా తాగిస్తారు. దడ తగ్గక ఆస్పత్రికి పోతే ఈసీజీ తీసి గుండె బాగానే ఉందంటారు. గుండె బాగానే ఉంది. దాన్ని మోస్తున్న మనిషికే బాగాలేదు.

వాయిదా అని, పెళ్లి అని, పేరు చెప్పుకునే చింత ఇంట్లోకి వస్తుంది. రాత్రి రెండయ్యేసరికి ఆ పేర్లన్నీ రాలిపోతాయి. "ఏమవుతుందో" అన్న ఒక్క మాటే మిగులుతుంది. ఆ మాటకు తారీఖు లేదు, లెక్క లేదు, హద్దు లేదు. ఎవరికి చెప్పుకుందామన్నా ఏమని చెప్పుకోవాలో తెలియదు.

అక్కడికి నువ్వు వస్తావు, స్తుతీ. వచ్చి పేర్లు అడుగుతావు. ఊరికే దేవునికి స్తోత్రం అంటే నీకు చాలదు, దేనికి అని అడుగుతావు. తెల్లవారకముందే లేచి సంగటి కెలికి డబ్బా కట్టిన అమ్మకు. రాత్రంతా కన్ను వాల్చకుండా బస్సు నడిపిన డ్రైవరన్నకు. నొప్పితో నిలబడలేని రోజున "నువ్వు కూచోమే, నేను చూసుకుంటాలే" అన్న పక్క పిల్లకు. అసలు తీరకపోయినా వడ్డీ కట్టగలిగినందుకు. కొళాయిలో నీళ్లు వచ్చినందుకు. నాయన ఇవాళ వీధి చివరిదాకా నడిచి వచ్చినందుకు. ఇవన్నీ చిన్నవే. కానీ ఇవి జరిగినవి. చింత మూటలో ఉన్నవన్నీ ఇంకా జరగనివి. జరిగినవాటి పేర్లు ఒక్కొక్కటే పలికించి, రేపట్లో తప్పిపోయిన మనిషిని నువ్వు ఇవాళ్టికి తోడుకొస్తావు. అప్పు అలాగే ఉంటుంది. కాంట్రాక్టు సంగతి తేలదు. అయినా ఊపిరి కాస్త కిందికి దిగుతుంది, భుజాలు వదులవుతాయి. ఆ కాస్త చోటులో ప్రార్థనకు మాట దొరుకుతుంది.

సుఖం నీ పుట్టిల్లు కాదు. ఫిలిప్పీ పట్టణంలో అపొస్తలుడైన పౌలును, అతని తోటివాడు సీలను బట్టలు లాగేసి, బెత్తాలతో కొట్టి, లోపలి చెరసాలలో కాళ్లకు బొండ బిగించారు. నడిరేయి వాళ్లు ప్రార్థిస్తూ పాడుతుంటే తక్కిన ఖైదీలు విన్నారని అపొస్తలుల కార్యముల గ్రంథం చెబుతుంది. భూకంపం తర్వాత వచ్చింది. తలుపులు తర్వాత తెరుచుకున్నాయి. పాట ముందే మొదలైంది. మూడో షిఫ్టు చేసేవాళ్లకు ఆ గంట తెలుసు. ఒళ్లు నిద్రకు, పని మెలకువకు లాగుతున్నప్పుడు మనిషి తన గొంతును తానే గుర్తుపట్టలేని గంట అది.

ఏళ్లు గడిచాక అదే ఊరి సంఘానికి పౌలు ఉత్తరం రాశాడు. అప్పుడూ సంకెళ్లలోనే ఉన్నాడు. చింతకు లొంగవద్దని, కావలసింది దేవుణ్ని అడగమని, ఆ అడగడంలోనే కృతజ్ఞతను కలపమని, అలా చేస్తే మనిషి బుద్ధికి అందని సమాధానం గుండెకు కాపలా కాస్తుందని అందులో చెప్పాడు. అడగడం మానమనలేదు. అవసరాన్ని దాచుకోమనలేదు. కన్నీళ్లతో అడుగుతున్న నోటికే నిన్ను కూడా అందించాడు. ఆ సంఘంలో తొలుత చేరిన కుటుంబాల్లో ఆ చెరసాల అధికారి కుటుంబం ఒకటి. ఆ రాత్రి ఖైదీల గాయాలు కడిగింది అతని చేతులే. పౌలు రాసిన ఆ మాట ఎంత వెల పెట్టి కొన్నదో ఆ ఇంటివాళ్లకు ఒకరు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంకా లోతుకు పోతే, యేసును శత్రువులకు అప్పగించిన రాత్రి. ప్రభువు రొట్టె చేతబట్టి కృతజ్ఞతలు చెల్లించాడు. తనను పట్టించేవాడు అదే బల్ల దగ్గర కూర్చున్నాడని తెలిసీ చెల్లించాడు. ఆ బల్ల దగ్గరి నుంచి లేచి గెత్సేమనే తోటకు నడిచాడు. అక్కడ నేల మీద సాగిలపడ్డాడు. ఈ గిన్నె తొలగిపోతే బాగుండునని తండ్రిని వేడుకున్నాడు. తోడుగా మేలుకుని ఉండమని స్నేహితులను అడిగాడు, వాళ్లు నిద్రపోయారు. ఒకే రాత్రి, కొన్ని గంటల తేడాలో, కృతజ్ఞతా వేదనా రెండూ ఆ ఒక్క హృదయంలోనే ఉన్నాయి. స్తుతీ, నీ గొప్పతనం నాకు అక్కడే తెలిసింది. నువ్వు భయాన్ని గెంటేసి దాని చోట్లో కూర్చునేదానివి కావు. భయం పక్కనే ఇరుక్కుని కూర్చుంటావు. బల్లారాధనలో రొట్టె విరిచినప్పుడల్లా మా సంఘాలు తలుచుకునేది ఆ రాత్రినే.

ఈ గడ్డ మీదికి నిన్ను మోసుకొచ్చిన దారుల్లో ఒకటి సూళ్లూరుపేట మీదుగా వచ్చింది. కాళంగి ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో 1865లో ఆగస్ట్ మీలియుస్ దొర హెర్మన్స్‌బుర్గ్ లూథరన్ మిషన్ పని మొదలుపెట్టాడు. ఉత్తర జర్మనీలోని ఒక పల్లెటూరి పాస్టరు లుడ్విగ్ హార్మ్స్ 1849లో రైతుబిడ్డలను చేరదీసి స్థాపించిన మిషన్ అది. ఆ పని సూళ్లూరుపేట నుంచి నాయుడుపేట, గూడూరు, వెంకటగిరి, శ్రీకాళహస్తి, తిరుపతి వైపు సాగి, నేటి దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి మూలమైంది. ఊరు తన హద్దులకు అవతల ఉంచిన పల్లెల జనం ఆ మందిరాల్లో చాప మీద సమానంగా కూర్చున్నారు. కొత్త సంఘాలు కుదురుకోకముందే 1876లో ధాత కరువు విరుచుకుపడింది. రెండేళ్లపాటు మద్రాసు రాజధానిలో లక్షలమందిని పొట్టన పెట్టుకుంది. గంజి కోసం గిన్నె పట్టుకుని నిలబడిన తరం అది. ఆ గంజి ముందు కళ్లు మూసి వందనం చెప్పడం నేర్చుకున్నవాళ్ల మునిమనవళ్లే ఇవాళ క్యాంటీన్ బల్ల దగ్గర డబ్బా మూత తీయకముందు ఒక్క క్షణం ఆగుతున్నారు.

లూథరన్లు ఏ దేశం పోయినా వెంట తీసుకుపోయే కృతజ్ఞతా గీతం ఒకటుంది. రాసినవాడు మార్టిన్ రింకార్ట్. సాక్సనీలోని ఐలెన్‌బుర్గ్ పట్టణంలో పాస్టరు. ఐరోపాను 1618 నుంచి 1648 దాకా తగలబెట్టిన ముప్పై ఏళ్ల యుద్ధం ఆ ఊరి గోడల దాకా వచ్చింది. ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయి వచ్చినవాళ్లతో ఊరు కిక్కిరిసింది. ఆ నడుమ, 1636 ప్రాంతంలో, భోజనం దగ్గర తన పిల్లలు చెప్పుకోవడానికి ఆ పాట కట్టాడంటారు. మరుసటి ఏడే ప్లేగు వచ్చింది. తోటి పాస్టర్లు చనిపోగా, వెళ్లిపోగా రింకార్ట్ ఒక్కడే మిగిలాడు. ఆ ఒక్క ఏడాదిలో నాలుగు వేలకు పైగా మనుషులను మట్టికి అప్పగించాడు. వాళ్లలో అతని భార్య ఒకరు. తర్వాత కరువు. పాట ముందు పుట్టింది, పరీక్ష వెనక వచ్చింది. రింకార్ట్ ఆ పాటను వెనక్కి తీసుకోలేదు. సుఖంగా ఉన్నవాళ్ల నోట నువ్వు తేలిగ్గా వినిపిస్తావేమో కానీ, నీ పాటల్లో చాలావాటికి తల్లి ఒడి శ్మశానం పక్కనే.

మా అవ్వలకు ఈ చరిత్ర తెలియదు, నువ్వు తెలుసు. ఎసరు పెట్టిన ప్రతిసారీ కడగబోయే బియ్యంలోంచి పిడికెడు తీసి పక్క డబ్బాలో వేసేవాళ్లు. ఆదివారం ఆ బియ్యం మందిరానికి పోయేది. అందరి కడుపులూ నిండాక మిగిలిన దాంట్లోంచి తీసింది కాదది. ఇంటిల్లిపాదికీ చాలుతుందో లేదో తేలకముందే తీసింది. ఐదు రొట్టెలు చేతబట్టి, ఎదురుగా వేలమంది ఆకలితో కూర్చుని ఉండగా ప్రభువు ముందు వందనం చెప్పి తర్వాత పంచాడు కదా. అవ్వ పిడికిలికి అదే పాఠం. ఆమె మనవరాలు ఇవాళ మొదటి జీతంలోంచి ప్రథమఫలం తీసి కానుక కవరులో పెడుతుంది. కవరు మీద పేరు రాయదు.

ఇళ్ల ముందు షామియానా వేసి, అద్దె కుర్చీలు పరిచి, నీ పేరుతోనే కూడిక పెట్టుకుంటారు మావాళ్లు. ఉద్యోగం వచ్చినా, బిడ్డ పుట్టినా, ఆపరేషనైన మనిషి ఇల్లు చేరినా కృతజ్ఞత కూడిక. డోలక్ మోగుతుంది, అయ్యగారు వాక్యం చెబుతారు. అన్నిటికన్నా నాకు ఇష్టం సాక్ష్యం. ఒకమ్మ చెంగు తల మీదికి లాక్కుని లేచి నిలబడుతుంది. "పోయినేడు నేను రాత్రిళ్లు నిద్ర పోతాండ్లేదు. ఇప్పుడు మా అబ్బోడికి పని దొరికింది. అప్పు ఇంకా ఉండాది. అయినా దేవునికి వందనాలు" అని కూర్చుంటుంది. అప్పు ఇంకా ఉండాది అన్న మాటను ఆమె మింగేయలేదు. దేవుని ముందు లెక్క సరిచేసి చూపాలనుకోలేదు. నిజమైన స్తుతి అలాగే ఉంటుంది, ఉన్న బాధను ఉన్నట్టు చెప్పి మరీ వందనం చెబుతుంది. కూడిక అయ్యాక విస్తళ్లు వేస్తారు. సురుటుపల్లి పల్లికొండేశ్వరునికి మొక్కే పొరుగింటామె కూడా వచ్చి వడ్డనకు చెంగు దోపుతుంది. ఆమె ఇంట్లో మేలు జరిగిన రోజున ఈ ఇంటివాళ్లు అక్కడ నీళ్ల బిందెలు మోస్తారు. కృతజ్ఞత తెలిసిన ఇళ్లు ఒకదాన్నొకటి గుర్తుపడతాయి.

ఆకాశంలో తిరిగే పక్షులను చూసి చింత మానడం నేర్చుకొమ్మన్నాడు ప్రభువు. ఆ మాట వినడానికి పులికాట్ పక్కన బతికేవాళ్లకన్నా తగినవాళ్లెవరు? చలికాలంలో సూళ్లూరుపేట దాటి శ్రీహరికోట దారిలో పోతే ఫ్లెమింగోలు ఉప్పునీళ్లలో బారులు తీరి కనిపిస్తాయి. నేలపట్టులో గూడబాతులు చెట్ల మీద పిల్లలను పెట్టి, మేత కోసం పులికాట్ దాకా ఎగిరిపోయి చేపలు మోసుకొస్తాయి. అవి ఊరికే కూర్చుని తినవు. పొద్దస్తమానం రెక్కలు ఆడిస్తాయి. అవి చేయనిదల్లా ఒకటే, రేపటి చేపను తలుచుకుని ఇవాళ్టి చేపను వదిలిపెట్టవు. చింత మానమన్న ప్రభువు పని మానమనలేదు. షిఫ్టుకు పొమ్మన్నాడు, షిఫ్టు అయ్యాక దాని బరువు దించమన్నాడు.

స్తుతీ, నీ పేరుతో చెలామణీ అయ్యే అబద్ధాలూ ఉన్నాయి. నిన్ను పొగిడేవాడు వాటిని దాచకూడదు.

భయపడ్డావంటే నీకు విశ్వాసం లేనట్టే అనేవాళ్లున్నారు. అలాంటివాళ్లు గెత్సేమనే తోటను ఒకసారి చూసి రావాలి. నేల మీద బోర్లాపడి వేడుకున్నవాడిని రక్షకుడని పిలిచే మనం, వణుకుతున్న తోటి మనిషికి తీర్పు చెప్పలేం.

ఉన్నదానికి స్తోత్రం చెప్పి నోరు మూసుకో అనేవాళ్లున్నారు. నువ్వు దేవునికి చెందినదానివి. యజమాని అడిగి వసూలు చేసుకునే బాకీవి కావు. పట్టి ఉంచిన కూలి దేవుని చెవుల్లో మొర పెడుతుందని యాకోబు పత్రిక హెచ్చరించింది. దొరికిన పనికి దేవునికి వందనం చెప్పిన నోటితోనే, రావలసిన ఓటీ డబ్బుల సంగతీ అడగవచ్చు. రెండూ నిజాయితీలే.

ప్రార్థన ఉండగా మాత్రలెందుకు అనేవాళ్లున్నారు. ఈ వైపు జనం పెద్ద జబ్బు చేస్తే రాయవేలూరు బయలుదేరతారు. 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యం అక్కడ క్రైస్తవ వైద్య కళాశాల అయింది. అదే సంస్థ బాగాయంలో మనసు జబ్బులకు వేరుగా ఆస్పత్రి నడుపుతోంది. రోగి పక్కన ఇంటిమనిషి కూడా ఉండి చూసుకునే పద్ధతి అక్కడ ఎప్పటినుంచో ఉంది. ప్రార్థనతో రోజు మొదలుపెట్టే ఆ డాక్టర్లు మందు చీటీ కూడా రాస్తారు. వాళ్ల చేతిలో ఆ రెండూ పోట్లాడుకోలేదు. మందు పనిచేసి నిద్ర పట్టిన రాత్రికి కూడా వందనం చెప్పవచ్చు. అదీ నీ లెక్కలోకే వస్తుంది.

కృతజ్ఞతాస్తుతీ, ఇంతగా పొగిడినా నిన్ను మంత్రమనను. పది సార్లు పలికితే దడ ఆగుతుందని మాట ఇవ్వను. కొన్ని రాత్రులు నిన్ను పలికినా నిద్ర రాదు. అలాంటి రాత్రి కూడా నువ్వు వదిలిపోవు. పాడలేనివాడి తరఫున పక్కింటి కూడికలో ఎవరో పాడతారు. మాట రానివాడి తరఫున అమ్మ చేతిలో బియ్యపు పిడికిలి బిగుస్తుంది. ఒకరి నోట ఆగిన పాటను ఇంకొకరు అందుకోవడానికే దేవుడు మనుషులను సంఘంగా కట్టాడు.

చదువుతున్న అక్కా, అన్నా, తమ్ముడూ! మీ ఛాతీ మీద ఇప్పుడు ఆ బరువు ఉంటే ముందు ఒక మనిషికి చెప్పండి. అమ్మకు చెప్పండి, గదిలో తోటి పిల్లకు చెప్పండి, మీ సంఘం అయ్యగారికో అమ్మగారికో చెప్పండి. వారాల తరబడి తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పొండి. ఇంటి నుంచే మాట్లాడాలంటే ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఏ వేళకైనా తెలుగులో పలుకుతారు, డబ్బులు అక్కర్లేదు. ఆ తర్వాత, ఇవాళ మీకు జరిగిన మేలు ఒక్కటి, ఎంత చిన్నదైనా సరే, దాని పేరు పెట్టి దేవునికి వందనం చెప్పండి. ఆ మేలు ఒక మనిషి చేతి మీదుగా వచ్చి ఉంటే, రేపు బస్సెక్కేటప్పుడు ఆ మనిషికీ చెప్పండి. అప్పు తీరాక, కాంట్రాక్టు వచ్చాక, భయం పోయాక కృతజ్ఞత కూడిక పెట్టుకుందామని ఆగకండి. భయంతోనే రండి. ప్రభువు మనల్ని పిలిచింది అలా వచ్చేవాళ్లమనే.